వెన్నుపాము దెబ్బ: తమ్ముడు కోలుకుంటున్నాడో లేదో ఎలా కొలవాలి?

ఉద్దానం అన్న · కవిటి

అందరికీ నమస్కారం. మా తమ్ముడు వేసవిలో కొబ్బరికాయలు దింపడానికి చెట్టెక్కి జారిపడ్డాడు. ఇరవై ఆరేళ్ల గుంటడు, ఇంకా పెళ్లి కాలేదు. 108లో సోంపేట, అక్కణ్ణుంచి శ్రీకాకుళం, చివరికి విశాఖపట్నం తీసుకెళ్లాం. డి11 ఎముక, అంటే వీపు భాగంలో పదకొండో వెన్నుపూస, నలిగి వెన్నుపాము నొక్కుకుపోయిందన్నారు. ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. బొడ్డు కింద నుంచి స్పర్శ సరిగా లేదు, కాళ్లు ఆడట్లేదు.

డిశ్చార్జి కాగితంలో "ఏషియా గ్రేడ్ బి, మోటార్ స్కోరు 50/100" అని ఉంది. 50 అంటే సగం వచ్చినట్టేనా? మరి కాలి బొటనవేలు కూడా కదలదేం?

ఇంటికొచ్చి రెండు నెలలు దాటింది. ఈమధ్య దుప్పటి లాగినా, కాలికి చల్లటి నీళ్లు తగిలినా కుడి మోకాలు ఒక్కసారిగా ముడుచుకుని మళ్లీ తన్నుకుంటోంది. అమ్మ చూసి "కాలొచ్చింది నానా" అంటూ శ్రీముఖలింగానికి మొక్కుకుంది. ఇంటికొచ్చే ఫిజియో మాత్రం "చూద్దాం" అంటున్నారు. ఆ మాట వింటే నాకు టెన్షన్ పెరిగిపోతోంది. బాగవుతున్నాడా లేదా అన్నది ఇంట్లో ఉండి తెలుసుకునే దారి ఏమైనా ఉందా? ఏం చూడాలి, ఎన్నాళ్లకోసారి చూడాలి? ఇది దాటి వచ్చినవాళ్లు చెప్పండి.


కోట దగ్గర ఫిజియో · విజయనగరం

అన్నా, ముందు ఆ 50 సంగతి చెబుతాను, ఎందుకంటే దాన్ని చూసి చాలా ఇళ్లలో ఇలాగే అనుకుంటారు.

ఏషియా అంటే వెన్నుపాము దెబ్బ ఎంత తీవ్రమో తేల్చే పరీక్ష. అందులో ఒక్కో పక్కన పది కండరాలు చూస్తారు. చేతిలో ఐదు: మోచెయ్యి ముడిచేది, మణికట్టు పైకి ఎత్తేది, మోచెయ్యి చాపేది, వేళ్లు ముడిచేది, చిటికెన వేలు పక్కకు జరిపేది. కాలిలో ఐదు: తొడ లేపేది, మోకాలు చాపేది, పాదం పైకి ఎత్తేది, బొటనవేలు పైకి ఎత్తేది, మడమ లేపి మునివేళ్ల మీద నిలబెట్టేది. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. రెండు చేతులకూ కలిపి 50, రెండు కాళ్లకూ కలిపి 50. మీ తమ్ముడికి దెబ్బ నడుము పైభాగంలో తగిలింది కాబట్టి చేతులు మొదటి నుంచీ బాగున్నాయి. కాగితంలో ఉన్న 50 మొత్తం చేతులదే. కాళ్లకు వచ్చింది సున్నా. ఇక నుంచి ఎవరు స్కోరు చెప్పినా "కాళ్ల స్కోరు 50కి ఎంత?" అని విడిగా అడగండి.

ఇక మోకాలు తన్నుకోవడం. దెబ్బ తగిలిన కొత్తలో వెన్నుపాము షాక్‌లో ఉంటుంది, కాళ్లు వేలాడిపోతాయి. కొన్ని వారాలకు ఆ షాక్ వదులుతుంది. అప్పుడు దెబ్బకు కింద ఉన్న వెన్నుపాము మెదడుతో పని లేకుండా తనంతట తానే స్పందిస్తుంది. చల్లటి నీళ్లు తగిలితే కాలు లాక్కోవడం అదే. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. తమ్ముణ్ణి పడుకోబెట్టి, కాలిని ఎవరూ ముట్టుకోకుండా "ఇప్పుడు లేపు" అనండి. "ఆపు" అనండి. మళ్లీ "లేపు" అనండి. చెప్పినప్పుడు కదిలి, ఆపమన్నప్పుడు ఆగితేనే అది అతని కదలిక. చెప్పకుండా వచ్చేది, ఆపమన్నా ఆగనిది మార్కుల్లో వెయ్యకూడదు.

అమ్మగారికి ఇది మెల్లగా చెప్పండి. తన్నుకోవడం చెడ్డ గుర్తు కాదు, కాకపోతే దాన్ని బట్టి కాలు వచ్చిందని చెప్పలేం.


నాలుగు చక్రాలు · పలాస

ఫిజియో గారు బాగా చెప్పారు. నాది డి10, గ్రేడ్ ఏ, జీడిపప్పు బస్తాల లారీ మీద నుంచి పడ్డాను. చాలా ఏళ్లయింది. కాళ్ల స్కోరు ఆ రోజు సున్నా, ఈ రోజూ సున్నా. ఆ కాగితం ఒక్కటే చూస్తే నేను ఇంచు కూడా కోలుకోలేదు. కానీ అప్పట్లో నన్ను పక్కకు తిప్పాలన్నా ఇద్దరు కావాలి. ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మూడు చక్రాల స్కూటర్ మీదికి నేనే ఎక్కుతాను, కాశీబుగ్గలో షాపు నడుపుకుంటాను.

అందుకే ఇంకో కొలత గురించి అడగండి. దాని పేరు స్కిమ్. వెన్నుపాము దెబ్బ తిన్నవాళ్ల కోసమే ఇజ్రాయెల్‌లో తయారు చేశారు, 1997లో మొదటిసారి వచ్చింది. దానికీ వంద మార్కులే. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి వాటికి 20. ఊపిరి, మూత్రం, మలవిసర్జన, మరుగుదొడ్డి వాడుకోవడం వీటికి 40. మంచంలో తిరగడం, కుర్చీలోకి మారడం, ఇంట్లోనూ బయటా తిరగడం వీటికి 40. మూత్రం, దొడ్డి దగ్గరే అన్ని మార్కులు ఎందుకు పెట్టారో మనలాంటి ఇంట్లో ఉన్నవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తమ్ముడు ఇప్పుడు మంచం అంచున కాళ్లు కిందికి వేసి కూర్చోగలడా? చేతులు ఆనించకుండా? అది చెప్పండి ముందు.


మేలు కోరేవాడు · సాలూరు

మా బంధువుల అబ్బాయికి ఇలాగే జరిగితే ఒక పెద్ద సిటీలో స్టెమ్ సెల్స్ ఎక్కించారు. కొన్ని లక్షలు అయింది. మూడు నెలలు తిరిగేసరికి వేళ్లు కదిలాయి. కొలతలంటూ కూర్చుంటే టైము అయిపోతుంది అన్నా. మొదటి ఆరు నెలలే ముఖ్యం అని అక్కడ వాళ్లు చెప్పారు. పొలం అమ్మైనా ప్రయత్నం చెయ్యండి. నా మాట తప్పుగా అనుకోవద్దు, మనవాడు లేచి తిరగాలనే చెబుతున్నాను.


పునరావాస వైద్యం · విశాఖపట్నం

ఈ చర్చ మా ఊరి అబ్బాయి పంపితే చదివాను. నేను ఈ విభాగంలోనే పనిచేస్తాను, స్వస్థలం చీపురుపల్లి.

సాలూరు సోదరుడి మనసు మంచిదే. అయితే ఆయన చెప్పిన "మూడు నెలలకు వేళ్లు కదిలాయి" అన్న మాటలోనే కొలత ఎందుకు కావాలో ఉంది. వెన్నుపాము దెబ్బలో ఏ ఇంజెక్షనూ లేకుండా సహజంగా వచ్చే మెరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలల్లోనే వస్తుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది, ఏడాది, ఏడాదిన్నర దాటాక కండబలంలో మార్పు చాలా తక్కువ. కాబట్టి రెండో నెలలో ఏ వైద్యం మొదలుపెట్టినా ఐదో నెలకు కొందరిలో మెరుగు కనబడుతుంది. అది వైద్యం వల్ల వచ్చిందా, దానంతట అదే వచ్చిందా? ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు.

దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1990లలో ఉత్తర అమెరికాలో జీఎం-1 అనే మందును 700 మందికి పైగా రోగుల మీద పరీక్షించారు. కొందరికి మందు, కొందరికి ఉత్త ద్రావణం. ఉత్త ద్రావణం తీసుకున్నవాళ్లు కూడా బాగానే మెరుగయ్యారు. ఆరు నెలల దగ్గర అసలు చూడాలనుకున్న ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రెండో గుంపు లేకపోయి ఉంటే ఆ మందు అద్భుతం అనుకునేవాళ్లం. మన దేశంలో 2017లో ఐసీఎంఆర్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్స్ అనుమతి పొందిన పరిశోధనలో తప్ప డబ్బు తీసుకుని ఇవ్వకూడదు. పరిశోధనలో చేరితే రోగి దగ్గర ఫీజు తీసుకోరు. లక్షలు అడిగారంటే అక్కడే ఆగండి. దయచేసి పొలం అమ్మొద్దు.

ఇక గ్రేడ్ బి అంటే. ఏ నుంచి ఇ దాకా ఐదు గ్రేడులు, ఈ పద్ధతి 1992 నుంచి వాడుకలో ఉంది. గ్రేడును తేల్చే పరీక్ష కాళ్లలో లేదు, మలద్వారం దగ్గర ఉంది. అక్కడ దూదితో, గుండుసూదితో తాకి చూస్తారు, వేలితో లోపల నొక్కి తెలుస్తోందా అని అడుగుతారు, బిగించమంటారు. వెన్నుపాముకి అన్నిటికన్నా అడుగున ఉన్న నరాలు అక్కడికి వస్తాయి. అంత కింద దాకా కబురు చేరుతోందంటే దెబ్బ తగిలిన చోట కొన్ని దారులైనా మిగిలాయని అర్థం. అక్కడ స్పర్శా, బిగింపూ రెండూ లేకపోతే ఏ. స్పర్శ ఉండి కింద కదలిక లేకపోతే బి. కదలిక ఉండి, దెబ్బకు కింద ఉన్న ముఖ్య కండరాల్లో సగానికన్నా తక్కువ వాటికి 3 మార్కులు వస్తే సి. సగం, అంతకన్నా ఎక్కువ వాటికి వస్తే డి. మొదట్లో లోపం ఉండి తర్వాత అన్నీ మామూలైతే ఇ.

మీ తమ్ముడిది బి. ఒక్క ప్రశ్న ముఖ్యం: మలద్వారం చుట్టూ దూది తాకితే మాత్రమే తెలుస్తోందా, సూది గుచ్చినా పదునుగా తెలుస్తోందా? సూది పదును తెలిసినవాళ్లలో నడక తిరిగొచ్చే అవకాశం మెరుగ్గా ఉంటుంది. కాగితంలో అది రాసి ఉండాలి, చూడండి.


బొబ్బిలి వీణ · బొబ్బిలి

మావారికి మెడ దగ్గర సి6. ఇక్కడ అందరూ కొలవమంటున్నారు, నేను కాస్త వేరుగా చెబుతాను. కొలవడం కూడా మనిషిని నలిపేస్తుంది. మా మావగారు మొదట్లో రోజూ ఉదయం మంచం దగ్గరికొచ్చి "ఏదీ, వేలు కదుపు" అనేవారు. ఆయన ప్రేమకొద్దీ అడిగేవారు. కానీ మావారు రోజూ తెల్లారేసరికి ఫెయిలైనట్టు అయ్యేది. కళ్లు మూసుకుని నిద్ర నటించేవారు. చివరికి నేనే ఇంట్లో ఎవరూ అడగకూడదని గట్టిగా చెప్పాను. నెలకోసారి ఫిజియో చూస్తారు, ఆ రోజే మాట్లాడుకుంటాం.

ఇంకోటి. స్కోరులో అన్ని మార్కులూ సమానమే గానీ బతుకులో కాదు. మావారికి మోచెయ్యి చాపే కండ మొదట 1 ఉండేది, చాలాకాలానికి 3 అయింది. కాగితం మీద పెరిగింది రెండే మార్కులు. కానీ మోచెయ్యి చాపి లాక్ చెయ్యగలిగాక చేతుల మీద బరువు మోపి ఒళ్లు ఎత్తుకోవడం మొదలైంది. నేను నడుము వంచి ఎత్తాల్సిన పని సగం తగ్గింది. అవే రెండు మార్కులు కాలి బొటనవేలికి వస్తే మా ఇంట్లో ఏమీ మారేది కాదు.

వేళ్లకు ఇంకా బలం లేదు. అయినా స్టీలు గ్లాసు పట్టుకుంటారు. మణికట్టు పైకి లేపితే వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి కదా, ఆ పట్టుతోనే. ఆ పట్టు ఉండాలంటే వేళ్ల స్నాయువులు కాస్త బిగువుగా ఉండాలి, మణికట్టు ఎత్తి ఉంచి వేళ్లను పూర్తిగా వెనక్కి సాగదీయొద్దని వెల్లూరులో చెప్పారు. ఏ పట్టికలో చూసినా వేళ్లకు సున్నానే. టీ మాత్రం ఆయనే తాగుతారు.


పునరావాస వైద్యం · విశాఖపట్నం

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం, మా వార్డులో పిల్లలకు ఇదే చెబుతుంటాను. కొత్త వైద్యాలను తూచేటప్పుడు కూడా ఇప్పుడు రెండూ చూస్తున్నారు. మెడ మీద చర్మం పైనుంచి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరాన్ని చేతులు పడిపోయిన 60 మంది మీద పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. బలం ఒక్కటే పెరిగితే లెక్కలోకి తీసుకోలేదు, చేత్తో పని చేసుకోవడం కూడా మెరుగవ్వాలన్నారు. అలా రెండిట్లోనూ మెరుగైనవాళ్లు 72 శాతం. ఆ డిసెంబరులోనే అమెరికా అనుమతి ఇచ్చింది. అది చేతుల కోసం, వ్యాయామంతో కలిపి వాడేది.

వెల్లూరు మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. అక్కడ పునరావాస కేంద్రం 1966లో మొదలవడానికి కారణమైన డాక్టర్ మేరీ వర్గీస్‌కి 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. ఆవిడ ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు. ఆవిడ కాళ్ల స్కోరు ఎంతో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.


ఉద్దానం అన్న · కవిటి

అందరికీ చేతులెత్తి దండం. కాగితం తీసి చూశాను, మలద్వారం దగ్గర "లైట్ టచ్ ఉంది, పిన్ ప్రిక్ అనుమానం" అని రాసి ఉంది. మళ్లీ చూపించాలంటే తమ్ముడు ఒప్పుకోవట్లేదు, సిగ్గుపడుతున్నాడు.

పలాస అన్నకు: మంచం అంచున కూర్చోబెడితే చేతులు ఆనించి కూర్చుంటున్నాడు, తీస్తే వెనక్కి పడిపోతున్నాడు. మాది నవారు మంచం.

ఇంకో రెండు సందేహాలు. అరికాళ్లలో మంట మొదలైంది, రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు. మంట పుడుతోందంటే నరం బతికినట్టేనని మా బావ అంటున్నాడు, నిజమేనా? మందుల షాపులో నొప్పి బిళ్లలు తెచ్చి వేస్తున్నాం. రెండోది అడగడానికి మొహమాటంగా ఉంది. సదరం సర్టిఫికెట్టుకి స్లాట్ పెట్టాం. కొలిచిన ప్రతిసారీ మెరుగైందని కాగితాల్లో రాస్తే పింఛను తగ్గించేస్తారని ఊళ్లో అంటున్నారు.


టెక్కలి సిస్టర్ · టెక్కలి

నాన్నా, ఆ నొప్పి బిళ్లలు ఈ రాత్రికే ఆపెయ్. మన ఉద్దానంలో కిడ్నీ పనితనం చూసే క్రియాటినిన్ పరీక్ష అంటే తెలియని ఇల్లుందా? కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఉన్న నేల మనది. దానికి తోడు వెన్నుపాము దెబ్బలో మూత్రాశయం సరిగా ఖాళీ అవక కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది. దాని మీద ఈ బిళ్లలు రోజూ మింగితే ఇంకేముంది? పైగా అరికాళ్ల మంట నరం నుంచి వచ్చే నొప్పి, దానికి మామూలు నొప్పి బిళ్లలు పెద్దగా పనిచెయ్యవు. దానికి మందులు వేరే ఉన్నాయి, డాక్టరు రాయాలి. మంట ఉందంటే నరం కోలుకుంటోందనీ కాదు, పూర్తిగా తెగినట్టున్న వాళ్లకూ వస్తుంది. మంటను కోలుకోవడానికి కొలతగా పెట్టుకోవద్దు.

ఇంకో జాగ్రత్త. కాళ్ల కండలు తగ్గిపోయిన మనిషికి క్రియాటినిన్ రిపోర్టు నార్మల్‌గా కనబడినా కిడ్నీ పని తగ్గి ఉండొచ్చు, ఎందుకంటే క్రియాటినిన్ వచ్చేది కండ నుంచే. సిస్టాటిన్ సి అనే పరీక్ష ఉంది, డాక్టరుని అడగండి. ఏడాదికోసారైనా కిడ్నీ స్కాన్ చేయించాలి.

మూత్రం ఎలా పోస్తున్నాడు? పైపు ఇంకా ఉంచేశారా? చేతులు బాగున్నాయి కదా, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగా చేతులు కడుక్కుని తనే పైపు పెట్టి తీసేసుకోవడం నేర్పించండి. ప్రతిసారీ ఎంత వచ్చిందో కొలత జగ్గులో చూసి రాయండి, 500 మిల్లీలీటర్లు దాటకూడదు. నా దృష్టిలో ఇంట్లో రాసుకోవాల్సిన మొదటి కొలత ఇదే.

కాలు తన్నుకోవడం ఉన్నట్టుండి ఎక్కువైతే అదీ రాయండి. మూత్రంలో ఇన్ఫెక్షను, మలబద్ధకం, పుండు, ఆఖరికి గోరు లోపలికి పెరిగినా అలా ఎక్కువవుతుంది. స్పర్శ లేని ఒళ్లు అలా చెబుతుంది. నవారు మంచం మార్చేయండి, నడుము దగ్గర కుంగిపోయి పుండు పడుతుంది. చెక్క మంచం, దాని మీద మంచి పరుపు. రెండు గంటలకోసారి తిప్పడం మానొద్దు.


సచివాలయం డ్యూటీ · రాజాం

పింఛను గురించి. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోయినవాళ్లకు 15,000. అది మెడికల్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్టును బట్టి వస్తుంది. సదరంలో కొలిచేది శాశ్వతంగా మిగిలిన వైకల్యం ఎంత శాతం అని. ఫిజియో కొలిచేది నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందని. తొడ కండలో చిన్న చలనం వచ్చినంత మాత్రాన కుర్చీలో ఉన్న మనిషి కుర్చీలో లేనట్టు కాదు. భయపడి డాక్టరు దగ్గర మెరుగుదల దాచేవాళ్లను చూశాను. దాని వల్ల ఆ మనిషికి అందాల్సిన వ్యాయామం అందకుండా పోయింది. అలా చెయ్యకండి. ఆపరేషన్ కాగితాలు, ఎమ్మారై అన్నీ ఒక ఫైల్లో పెట్టి బోర్డుకి తీసుకెళ్లండి.


కోట దగ్గర ఫిజియో · విజయనగరం

ఎన్నాళ్లకోసారి అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. పూర్తి ఏషియా పరీక్ష దెబ్బ తగిలిన నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి చేయిస్తే చాలు. యూరప్‌లో 2001 నుంచి చాలా ఆసుపత్రులు కలిసి చేస్తున్న నమోదు కూడా ఇంచుమించు ఇవే సమయాల్లో జరుగుతోంది. బొబ్బిలి అమ్మగారి మాట నూటికి నూరుపాళ్లు సరైనది, రోజూ అడగడం వల్ల ఒరిగేది లేదు. కండ ఒక్క రోజులో మారదు, రోజుకో రకంగా అలసిపోతుంది.

వీలైతే ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే పద్ధతిలో, పగటిపూట, వ్యాయామానికి ముందు చూడాలి. నేను ఉదయం చూసి 2 వేసిన కండకు ఇంకొకరు సాయంత్రం 1 వేస్తే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి.

0 నుంచి 5 అంటే ఏమిటో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండటం మంచిది. తొడ లేపమని చెప్పి గజ్జల దగ్గర వేళ్లు ఆనించి చూస్తాం. ఏమీ లేకపోతే 0. కాలు కదలకపోయినా వేళ్ల కింద కండ బిగుసుకున్నట్టు తెలిస్తే 1. కాలి బరువు మనం మోసినప్పుడు తొడ ముందుకి వస్తే 2. వెల్లకిలా పడుకుని బరువును తనే ఎత్తగలిగితే 3. మనం చేత్తో నొక్కినా కాస్త నిలబెడితే 4. 1కీ 2కీ మధ్య చాలా దూరం ఉంటుంది, అక్కడే నెలలు గడిచిపోతాయి. పట్టికలో మాత్రం ఒక్క అంకె. అందుకే నేను పక్కన మాటల్లో కూడా రాస్తాను: "ఎడమ తొడ, చెప్పగానే బిగిసింది, వరసగా ఐదుసార్లు, ఆరోసారి రాలేదు". వచ్చే నెల అది పదిసార్లయితే అంకె మారకపోయినా మనకు తెలుస్తుంది.


పునరావాస వైద్యం · విశాఖపట్నం

ఒక హెచ్చరిక కలుపుతాను. డి8కి కింద దెబ్బ తగిలి ఎక్కువ రోజులు కానివాళ్లకు తొడను 90 డిగ్రీలు దాటి మడవకూడదు, నడుము ఎముక మీద ఒత్తిడి పడుతుంది. ఇంట్లో ఉత్సాహం కొద్దీ మోకాలిని గుండెకు ఆనించి పరీక్షలు చెయ్యకండి. సిగ్గు విషయానికొస్తే, ఆ పరీక్ష రెండు నిమిషాలది. తమ్ముడితో నేరుగా ఇలా చెప్పండి: నీ కాళ్ల గురించి ఎక్కువ కబురు చెప్పేది ఆ రెండు నిమిషాలే. గదిలో ఇంటివాళ్లెవరూ ఉండక్కర్లేదు.


నాలుగు చక్రాలు · పలాస

నడక గురించి ఒక మాట, ఎందుకంటే చివరికి అందరూ అక్కడికే వస్తారు. నడకకు 0 నుంచి 20 దాకా ఒక పట్టిక ఉంది. పది మీటర్ల దూరం, ఏ ఆసరాతో, ఎన్ని కాలిపర్లతో (కాలిని నిటారుగా పట్టి ఉంచే కడ్డీల పట్టీలు), ఎంతమంది సాయంతో అన్నది చూస్తారు. సమాంతర కడ్డీల మధ్య ఇద్దరు పట్టుకుంటే పది మీటర్లు వెళ్లలేకపోయినా 1. ఏ ఆసరా లేకుండా పది మీటర్లు నడిస్తే 20. నేను పొడుగు కాలిపర్లు వేసుకుని వాకర్‌తో కొంతకాలం నడిచాను. ఒళ్లంతా చెమట, మోచేతులు నొప్పి, వాకిలి దాకా వెళ్లేసరికి ఆయాసం. పట్టికలో మార్కులు వచ్చాయి. కానీ షాపు తెరిచింది కుర్చీ మీదే. నిలబడటం ఎముకకూ పేగుకూ మంచిదని ఇప్పటికీ రోజూ కాసేపు నిలబడతాను, అది వేరు.


కోట దగ్గర ఫిజియో · విజయనగరం

ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవించను అన్నా. మీది గ్రేడ్ ఏ. ఈ అబ్బాయిది బి, మూడు నెలలు కూడా నిండలేదు. ఇప్పుడే కుర్చీ చాలనుకుంటే కాళ్లకు ఇవ్వాల్సిన అవకాశం పోతుంది. ఏడాది దాకా రెండు దారులూ తెరిచి ఉంచాలి.


నాలుగు చక్రాలు · పలాస

రెండు దారులూ అన్నదానికి ఒప్పుకుంటాను. కాలు వచ్చేదాకా మంచం మీదే కాచుకుని కూర్చోవద్దనే నా బాధంతా.


ఉద్దానం అన్న · కవిటి

కొన్ని వారాలైంది, అప్‌డేట్ పెడుతున్నాను. తమ్ముడు ఒప్పుకున్నాడు, మూడు నెలల పరీక్ష అయింది. ఎడమ తొడ 1. కుడిది 0. మోటార్ స్కోరు 51. మలద్వారం దగ్గర సూది పదును రెండు పక్కలా తెలుస్తోందట. కానీ గ్రేడ్ మళ్లీ బి అనే రాశారు. కదలిక వస్తే సి అన్నారు కదా ఇక్కడ? ఇంట్లో మళ్లీ మొహాలు వాడిపోయాయి.

పైపు తీసేశారు. తనే నాలుగున్నర, ఐదు గంటలకోసారి పెట్టుకుంటున్నాడు, జగ్గు కొలత పుస్తకంలో తనే రాస్తున్నాడు. చెక్క మంచం చేయించాం. చేతులు రెండూ గాల్లోకి లేపి అంచున కూర్చుంటున్నాడు. మంటకు డాక్టరు మందు రాశారు, నిద్ర పడుతోంది.


పునరావాస వైద్యం · విశాఖపట్నం

గ్రేడ్ మారకపోవడానికి కారణం ఒక నియమం. మలద్వారం బిగించలేనివారికి సి ఇవ్వాలంటే కదలిక దెబ్బ స్థాయికి మూడు మెట్ల కన్నా ఎక్కువ కిందికి ఉండాలి. అతనిది డి11. దాని కింద డి12, తర్వాత నడుము భాగపు ఎల్1, ఎల్2 లెక్కపెడితే తొడ లేపే కండ సరిగ్గా మూడో మెట్టు. మోకాలు చాపే కండ ఎల్3, నాలుగో మెట్టు. అక్కడ చిన్న చలనం వస్తే అదే రోజు సి రాస్తారు. కాబట్టి గ్రేడ్ మారలేదని ఏమీ జరగలేదనుకోవద్దు. ఎడమ తొడలో ఉన్నది అతని సొంత కదలిక. సూది పదును స్పష్టంగా తేలడం దానికన్నా మంచి కబురు. ఇవి మాట ఇచ్చే గుర్తులు కావు, ఆశ పెట్టుకోదగ్గ గుర్తులు. కాళ్ల వ్యాయామం పెంచాల్సిన సమయం ఇది, ఆరు నెలలకు మళ్లీ చూడండి.


టెక్కలి సిస్టర్ · టెక్కలి

పైపు తనే పెట్టుకుంటున్నాడా? నాన్నా, నీ కబురులో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. స్కిమ్‌లో కూడా దానికి మార్కులు పెరిగి ఉంటాయి, వేయించండి. కిడ్నీ స్కాన్ మర్చిపోకండి.


ఉద్దానం అన్న · కవిటి

వేయించాం సిస్టర్. డిశ్చార్జి నాటి కన్నా స్కిమ్ బాగా పెరిగింది, ఫిజియో గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అమ్మకు చూపించారు. అమ్మకు అంకెలు అర్థం కాలేదు గానీ "బట్టలు తనే వేసుకుంటున్నాడు" అన్న గడి దగ్గర తల ఊపింది.

పలాస అన్నా, కుర్చీ వచ్చింది. మంచం నుంచి కుర్చీలోకి మారడానికి మధ్యలో పెట్టే చెక్క అంటున్నారు, అది మన దగ్గర దొరుకుతుందా?


నాలుగు చక్రాలు · పలాస

కొనక్కర్లేదు తమ్ముడూ, మా వడ్రంగి చేస్తాడు. నున్నగా చిత్రిక పట్టించాలి, అంచులు గుండ్రంగా ఉండాలి, మేకు అనేది ఉండకూడదు. జారేటప్పుడు పిరుదులు ఈడ్చకూడదు, చేతుల మీద లేపుకుంటూ కొంచెం కొంచెంగా జరగాలి, లేకపోతే చర్మం చీరుకుపోతుంది, అతనికి తెలియదు కూడా. మొదట్లో ఫిజియో పక్కనే ఉండాలి. మంచం ఎత్తు, కుర్చీ సీటు ఎత్తు, రెండిటి మధ్య ఎడం, తమ్ముడి బరువు రాసి పంపు. మంచం ఎత్తు పరుపు మీద అతను కూర్చున్నప్పుడు తియ్యి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు.